పెట్టెలోనే ఉండిపోయిన తాళపుచెవి: ఒక ప్రమాద నివేదికపై విమర్శ

ప్రయోగశాలలో విద్యార్థులకు ఒక అలవాటు కలదు. ఫలితము సరిగా వచ్చినచో రికార్డులో చక్కగా వ్రాయుదురు. రానిచో పొరుగువాని పుస్తకములోని అంకెలను దింపుకొందురు. నేను ప్రతి సంవత్సరమును వారితో ఒకే మాట చెప్పుచుందును: ప్రయోగము చెడుట తప్పు కాదు, ఎట్లు చెడెనో వ్రాయకుండుట తప్పు. కావున ఒక పెద్ద వ్యాపారసంస్థ తాను చేసిన పొరపాటును తానే విప్పి చూపుచు నివేదిక వ్రాసినదని తెలిసినప్పుడు దానిని ఆసక్తితో చదివితిని. చదివి మెచ్చుకొంటిని. కాని ఒక వెలితి నన్ను వదలలేదు. ఆ మెప్పును, ఆ వెలితిని ఉపాధ్యాయుల ముందును విద్యార్థుల ముందును ఉంచుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

ఆ నివేదిక అమెరికాలోని క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థది. 2024 ఆగస్టు 6వ తేదీన వెలువడినది. అంతకు పదునెనిమిది దినముల ముందు, అనగా జూలై 19న, ఆ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు మూలముగా ప్రపంచమంతట కంప్యూటర్లు కూలిపోయెను. దానికి కారణమేమో విశదీకరించుటకే ఈ నివేదిక వ్రాయబడినది.

జరిగినదేమి?

క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ కంప్యూటర్లను దొంగల బారినుండి కాపాడు సాఫ్ట్‌వేరును తయారుచేయును. బ్యాంకులు, ఆస్పత్రులు, విమానసంస్థలు దీనిని కొని తమ సర్వర్లలో నిలుపుకొనును. సర్వరనగా ఒక్కరి కొరకు కాక కార్యాలయమంతటి కొరకు పనిచేయు కంప్యూటరు. ఖాతాలు, టిక్కెట్లు, రోగుల వివరములు అన్నియు అందుండును. దొంగల ఎత్తులు దినదినము మారుచుండును గనుక కాపలాదారునికి కొత్త ఆనవాళ్లు ఎప్పటికప్పుడు అందవలెను గదా! వాటిని చిన్న ఫైళ్ల రూపమున ఆ సంస్థ ఇంటర్నెట్టు ద్వారా పంపుచుండును.

జూలై 19న మన గడియారము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు అట్టి ఫైలొకటి వెలువడెను. దాని సంఖ్య 291. దానిని అందుకొన్న విండోస్ యంత్రములు కూలిపోయి, నీలితెర చూపి, తిరిగి మొదలై, మరల కూలిపోజొచ్చెను. 10 గంటల 57 నిమిషములకు సంస్థవారు ఆ ఫైలును ఉపసంహరించిరి. నడుమ గడచినది 78 నిమిషములే. ఈ లోపల దెబ్బతిన్న యంత్రములు సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ సంస్థ అంచనా వేసెను. ప్రపంచములోని విండోస్ యంత్రములలో ఇవి నూటికి ఒకటికన్న తక్కువే. కాని అవి ఉన్న చోట్లు ముఖ్యమైనవి. అనేక దేశములలో విమానములు నిలిచిపోయెను. ఆస్పత్రులలో ముందుగా నిర్ణయించిన చికిత్సలు వాయిదాపడెను. మన హైదరాబాదు విమానాశ్రయములో ఒక ప్రయాణికునికి చేతితో వ్రాసి ఇచ్చిన బోర్డింగు పాసు బొమ్మ ఆనాడు దేశమంతట ప్రచారము పొందెను. మన దేశములో పది బ్యాంకులకు, ఆర్థికసంస్థలకు మాత్రము స్వల్పమైన అంతరాయము కలిగినదని రిజర్వు బ్యాంకు ప్రకటించెను.

నివేదికలోని మంచి

నివేదిక చెప్పిన కారణమును మన మాటలలో చెప్పుకొందము.

ఈ కాపలా సాఫ్ట్‌వేరు కంప్యూటరు యొక్క గర్భగృహములో, అనగా కెర్నెల్ అను భాగములో పనిచేయును. సాధారణమైన ప్రోగ్రాము తప్పు చేసినచో ఆ ప్రోగ్రాము మాత్రమే మూతపడును; మనము మరల తెరచుకొందుము. కెర్నెలులో తప్పు జరిగినచో అట్లు కాదు. ఏది చెడినదో, ఎంతవరకు చెడినదో తెలియనప్పుడు పని సాగించినచో దాచిన లెక్కలన్నియు పాడగును. కావున యంత్రము తన్ను తానే నిలుపుకొనును. నీలితెరకు అర్థమిదియే.

ఇక తప్పెక్కడ? 2024 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఆనవాళ్లకు ఒక కొత్త నమూనాను ప్రవేశపెట్టెను. ఆ నమూనా ప్రకారము ఒక్కొక్క ఆనవాలులో 21 గడులుండును. కాని వాటితో పోల్చిచూచుటకు విలువలను అందించు ప్రోగ్రాము 20 విలువలనే అందించుచుండెను. అంతవరకు పంపిన ఆనవాళ్లలో 21వ గడిలో ‘ఏదైనను సరే’ అను గుర్తు ఉండుటచే ఆ గడి జోలికి ఎవ్వరును పోలేదు. జూలై 19న వచ్చిన ఆనవాలు మొట్టమొదటిసారిగా 21వ విలువను చూడుమని కోరెను. లేని విలువ కొరకు ప్రోగ్రాము కంప్యూటరు జ్ఞాపకములో తనది కాని చోటికి చేయి చాచెను. అది కెర్నెలులో జరిగినది గనుక యంత్రము నిలిచిపోయెను.

అయిదు మాసములు నిద్రించిన ఈ తప్పు మార్చి నెలలో జరిపిన పరీక్షకు దొరకలేదు. ఏప్రిలులో ఇదే నమూనాతో పంపిన ఆనవాళ్లకు దొరకలేదు. ఫైళ్లను సరిచూచు ప్రోగ్రాముకు దొరకలేదు, ఏలయనగా దానియందే ఒక లోపము కలదు. నివేదిక ఈ సంగతులను దాచలేదు. పరీక్ష జరిగినదనుటకును, పరీక్షింపవలసినది పరీక్షింపబడినదనుటకును భేదము కలదని ఇంత స్పష్టముగా చూపు ఉదాహరణము వేరొకటి దొరకుట కష్టము. ప్రతి సంవత్సరము అవే ప్రశ్నలిచ్చు పరీక్షలో తరగతియంతయు ఉత్తీర్ణమైనచో ఉపాధ్యాయుడు సంతోషింపవచ్చునా? 21వ గడి ఎన్నడును అడగని ప్రశ్న వంటిది.

నివేదిక మొత్తము ఆరు లోపములను ఎంచి, ఆరింటికిని సవరణలు చెప్పినది. గడుల సంఖ్యను ప్రోగ్రాము తయారగునప్పుడే సరిచూచుట, హద్దు దాటి చదువకుండ అడ్డుపెట్టుట, పరీక్షలను విస్తరించుట, సరిచూచు ప్రోగ్రామును దిద్దుట, పంపబోవు ఫైలును నిజముగా నడిపి చూచుట, ఒక్కసారిగా అందరికిని పంపక విడతలుగా పంపుట, ఇవి ఆ సవరణల సారము. కడపటిది మిక్కిలి ముఖ్యమైనది. లెక్క చూడుడు: ముందుగా నూటికొక యంత్రమునకే పంపి, గంటసేపు ఆగి చూచియుండినచో కూలిపోవునవి 85 లక్షలు కాక 85 వేలకు మించకపోయెడివి. ఇంతవరకు నివేదికకు మంచి మార్కులే వేయవలెను.

నివేదికలో లేనిది

ఆ ఆరు లోపములను మరల చదువుడు. అన్నియు యంత్రము ఏల పడెనను ప్రశ్నకు సమాధానములే. పడిన యంత్రము ఏల లేవలేకపోయెనను ప్రశ్న వాటిలో ఒక్కటియు లేదు.

ఈ ప్రశ్న చిన్నది కాదు. తప్పు ఫైలు లోకములో తిరిగినది 78 నిమిషములు. దెబ్బతిన్న యంత్రములలో నూటికి 99 వంతులు తిరిగి పనిలోనికి వచ్చినవని సంస్థ చెప్పగలిగినది జూలై 29న. 78 నిమిషముల పొరపాటును తుడుచుటకు పది దినములు పట్టెను! జనులు నష్టపడినది ఆ 78 నిమిషములలో కాదు, ఈ పది దినములలో.

ఇంత కాలమేల పట్టెను? చికిత్స మాత్రము చాల సులభము. యంత్రమును సేఫ్ మోడ్ అను తగ్గింపు స్థితిలో మొదలుపెట్టి, ఆ 291వ ఫైలును తుడిచివేసి, మరల మామూలుగా మొదలుపెట్టినచో సరిపోవును. కష్టమంతయు ఆ యంత్రము ముందుకు మనిషి వెళ్లవలసి వచ్చుటలో ఉన్నది. కాపలా సాఫ్ట్‌వేరు యంత్రము మేల్కొనునప్పుడే తానును మేల్కొనును. అది అప్పుడే కూలదోయుటచే యంత్రము తరచుగా ఇంటర్నెట్టును అందుకొనకముందే పడిపోవుచుండెను. సరియైన ఫైలు సిద్ధముగా ఉన్నది. దానిని తెచ్చుకొను దారి తెరచుకొనుట లేదు. కొన్ని యంత్రములలో ఈ రెంటి పందెమున ఇంటర్నెట్టే ముందు గెలిచెను. అందుచేతనే తన క్లౌడు కేంద్రములలోని కొన్ని యంత్రములను పదునైదు సార్లవరకు ఆపి మొదలుపెట్టి చూడుడని మైక్రోసాఫ్ట్ సలహా ఇచ్చెను. ఇట్టి పందెమును నమ్ముకొనుటను శాస్త్రపద్ధతి అనలేము. వేరు దారి లేక చేసిన ప్రయత్నమది.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చును. ఒక్కొక్క యంత్రమునకు 15 నిమిషములు పట్టుననుకొందము. 85 లక్షల యంత్రములకు 12 కోట్ల 75 లక్షల నిమిషములు, అనగా 21 లక్షల 25 వేల గంటలు. దినమునకు 8 గంటలు, సంవత్సరమునకు 300 దినములు పనిచేయు ఒక మనిషికి ఇది సుమారు 885 సంవత్సరముల పని. 15 నిమిషములన్నది నేననుకొన్న అంకెయే. దానిని సగము చేసినను సంగతి మారదు. తప్పు తీగపై పరుగెత్తినది; దిద్దుబాటు కాలినడకన పోయినది.

దీనికి తోడు తాళము సమస్య. పెద్ద సంస్థలు తమ డిస్కులను బిట్‌లాకర్ వంటి సాధనముతో గూఢలిపిలో ఉంచును. కంప్యూటరును ఎవరైన ఎత్తుకొనిపోయినను లోపలి విషయము చదువలేరు. ఇది మంచి పద్ధతియే. కాని అట్టి డిస్కులోని ఫైలును తుడుచుటకు అనేక యంత్రములలో 48 అంకెల తాళపుచెవి కావలసివచ్చెను. ఆ అంకెలెక్కడ ఉండును? సామాన్యముగా ఆ సంస్థయొక్క మరియొక సర్వరులో. కొన్ని చోట్ల ఆ సర్వరు కూడ అదే ఫైలు వలన కూలిపోయి ఉండెను. పెట్టె తెరచు తాళపుచెవి పెట్టెలోనే ఉండిపోయెను. అంకెలను వేరొక చోట, ఆ యంత్రములతో సంబంధము లేని చోట కూడ వ్రాసి ఉంచుకొన్నవారు ముందుగా తేరుకొనగలిగిరి.

నిప్పంటుకొని ఊరిలో ఇండ్లు కాలినవనుకొందము. విచారణాధికారి వచ్చి నిప్పురవ్వ ఏ పొయ్యినుండి ఎగిరెనో, గాలి ఏ దిక్కునుండి వీచెనో సూక్ష్మముగా వ్రాసి, నూతి చేదత్రాడు కాలిన ఇంటిలోనే ఏల ఉండెనో వ్రాయకపోయినచో ఆ విచారణ సగమే గదా! నాకీ నివేదిక అట్టి విచారణ వలె తోచినది.

దీనికి సమాధానము చెప్పువారు లేకపోలేదు. తిరిగి లేచు మార్గమును చూచుకొనవలసినది సాఫ్ట్‌వేరు కొన్నవారు గాని అమ్మినవారు కారని వారందురు. ఆ సంస్థ దిద్దుబాటు సూచనలను వేరుగా ప్రకటించినదనియు అందురు. రెండును నిజమే. డెల్టా అను అమెరికా విమానసంస్థ ఉదంతము మొదటి మాటను కొంత బలపరచును. ఆ సంస్థ అయిదు దినములలో సుమారు 7000 విమానములను రద్దుచేసెను. అదే దెబ్బ తిన్న ఇతర విమానసంస్థలు అంతకు ముందే కోలుకొనెను. దాదాపు 40 వేల సర్వర్లను చేతితో సరిచేయవలసివచ్చినదని, 50 కోట్ల డాలర్ల నష్టము కలిగినదని డెల్టా ముఖ్యాధికారి చెప్పిరి. బాధ్యత ఎవరిది ఎంత అనుదానిపై రెండు సంస్థలకు వాదము సాగి న్యాయస్థానమునకు ఎక్కినది. ఆ తీర్పుతో మనకు పని లేదు. మనము గమనింపవలసినది మరొకటి. డెల్టాలో యంత్రములు లేచిన తరువాత కూడ పని లేవలేదు. ఉద్యోగులలో ఎవరు ఏ ఊరిలో ఉన్నారో లెక్కచూచు వ్యవస్థ, నడుమ పేరుకుపోయిన మార్పులను అందుకొనలేకపోయెను. యంత్రము లేచుట ఒకటి. అందలి లెక్క లోకముతో సరిపోవుట వేరొకటి.

అయినను అమ్మినవారికి బాధ్యత లేదనుట పొరపాటు. మందు తయారుచేయువాడు అది వికటించినప్పుడు చేయవలసిన చికిత్సను గూర్చి కూడ ఆలోచింపవలెను గదా! గర్భగృహమున ప్రవేశించు అధికారము పొందిన సాఫ్ట్‌వేరు, తాను వరుసగా రెండుమూడుసార్లు యంత్రమును కూల్చినట్లు గమనించినచో కొత్త ఫైలును పక్కకు నెట్టి పాతదానితో మేల్కొనునట్లు చేయుట అసాధ్యము కాదు. ఈ లోటును ఇతరులు గుర్తించిరనుటకు సాక్ష్యము కలదు. మేల్కొనలేని యంత్రమునకు దూరమునుండియే దిద్దుబాటు పంపు ఏర్పాటును మైక్రోసాఫ్ట్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించెను. నివేదిక అడగని ప్రశ్నకు సమాధానము మరియొకరు వెదకవలసివచ్చెనన్నమాట.

వెనుకకు వేసిన అడుగు

ఇందుకు భిన్నమైన మరియొక నివేదికను దీని పక్కన ఉంచి చూచినచో నా మాట ఇంకను తేటపడును. అది బ్రిటన్ దేశమునకు సంబంధించినది. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ సమూహములో 2012 జూన్ 17న, ఆదివారమునాడు, రాత్రివేళ పనులను వరుసగా నడిపించు సాఫ్ట్‌వేరును కొత్తదిగా మార్చిరి. బ్యాంకులో పగటి జమలు, ఖర్చులు రాత్రి ఒక క్రమములో ఖాతాలకెక్కవలెను. నేటి లెక్క ముగియనిదే రేపటి లెక్క మొదలు కారాదు. ఈ క్రమమును నిలుపునదే ఆ సాఫ్ట్‌వేరు.

మంగళవారమునాడు లోపములు కనబడగా దానిని తొలగించి పాతదానికి మరలుదమని సాంకేతికోద్యోగులు నిశ్చయించిరి. మరలినచో ఏమగునో పరీక్షింపలేదు. కొత్తదానికిని పాతదానికిని పొత్తు కుదరదని వారికి తెలియలేదు. అసలు విపత్తు అప్పుడే మొదలయ్యెను. జీతములు ఖాతాలలో పడలేదు. నిలువలు తప్పుగా కనబడెను. 65 లక్షలకు పైన ఖాతాదారులు కొన్ని వారములపాటు ఇబ్బందిపడిరి. ఆ సమూహములోని అల్‌స్టర్ బ్యాంకు ఖాతాదారులకు జూలై నెలలో కూడ కష్టము తీరలేదు. 2014 నవంబరులో అచ్చటి నియంత్రణ సంస్థలు రెండును కలిసి 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా విధించెను.

ఆ నియంత్రణ సంస్థలలో ఒకటియైన ఎఫ్.సి.ఏ. తన నిర్ణయమును ప్రకటించినప్పుడు కొత్త సాఫ్ట్‌వేరు ఏల చెడెనను చోట ఆగలేదు. దానిని తొలగించుటకు ముందు ఫలితమును ఏల పరీక్షింపలేదని నిలదీసెను. వెనుకకు వేయు అడుగు కూడ ఒక మార్పేయని, ముందడుగు వలెనే దానిని కూడ పరీక్షింపవలెనని ఆ నిర్ణయమునుండి మనము గ్రహింపవచ్చును. క్రౌడ్‌స్ట్రైక్ నివేదికలో నాకు కొరతగా తోచినది ఈ దృష్టియే.

భద్రతా ఫైళ్లు త్వరగా పంపవలసినవి, ఆలస్యమైనచో దొంగ ముందు ప్రవేశించునని ఒక వాదము కలదు. సరియే. కాని త్వరపడువాడు పడు అవకాశము ఎక్కువ. కనుక త్వర ఎంత ఎక్కువైనచో లేచు ఏర్పాటు అంత గట్టిగా ఉండవలెను. వేగము ఆ బాధ్యతను పెంచును గాని తగ్గింపదు.

మనకు పాఠము

ఇది ఎక్కడి విమానసంస్థలకో, బ్యాంకులకో చెందిన సంగతి అని తలపరాదు. నేడు మన పాఠశాలల హాజరు, మార్కులు, ఫీజుల లెక్కలు కంప్యూటరులోనే ఉన్నవి. ఏదో ఒకనాడు ఆ కంప్యూటరు కొత్త సాఫ్ట్‌వేరును దింపుకొని, మరునాటి ఉదయము తెరచుకొనకపోవచ్చును. ఆనాడు పదవ తరగతి పిల్లవాని ధ్రువపత్రము ఆగిపోవును.

కావున మార్పునకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుట మంచిది. ఒకటి: నిన్నటి లెక్కకు కాపీ ఉన్నదా? అది ఈ కంప్యూటరులోనే కాక వేరొక చోట ఉన్నదా? రెండు: తాళపుచెవులు, సంకేతపదములు యంత్రము తెరవకుండనే చేతికి దొరకునా? మూడు: మార్పును ముందు ఒక్క యంత్రముపై చూచితిమా? నాలుగు: వెనుకకు మరలు విధమును నిజముగా ఒకసారి చేసి చూచితిమా? నాలుగవదానిని అడుగువారు మిక్కిలి అరుదు. కాపీ ఉన్నదన్న మాట చాలదు. దానినుండి తిరిగి తెచ్చి, తెరచి, అంకెలు సరిపోయినవని చూచిననాడే అది కాపీ అగును.

ఉపాధ్యాయులు దీనిని ఒక ప్రయోగముగా చేయించవచ్చును. తరగతి మార్కుల పట్టిక ఒకటి నమూనాగా తయారుచేయించి, దానికి కాపీ వేరొక డిస్కులో ఉంచుడు. పిదప ఆ పట్టికను తుడిచివేయుడు. ఒక విద్యార్థి గడియారము చూచుచుండగా మరియొకడు కాపీనుండి పట్టికను తిరిగి తెచ్చి, మొత్తములు కూడి సరిచూడవలెను. కాపీ తీసిన పిదప చేర్చిన మార్కులు ఎన్ని పోయినవి? తిరిగి తెచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టినవి? ఈ రెండు అంకెలను రికార్డులో వ్రాయించుడు. మొదటిసారి తప్పక ఏదో ఒకటి కొరతపడును. ఆ కొరతను కూడ వ్రాయించుడు.

క్రౌడ్‌స్ట్రైక్ నివేదిక నిజాయితీగా వ్రాసినది, చదువదగినది. ఏడవ లోపమును కూడ ఎంచియుండినచో అది ఇట్టి నివేదికలన్నిటికి ఒరవడిగా నిలిచియుండెడిది.